మా అమ్మకు నేను చెప్పిన అర్థం

నా చిన్నప్పుడు మా ఊరు రావల్కోల్ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష తోటలే ఉండేవి. ఆ తోటల్లో చాలా చోట్ల ఇప్పుడు ప్లాట్లూ ప్రహరీ గోడలూ వచ్చాయి కానీ, అప్పట్లో మా వాడలో సగం మంది ఆడవాళ్ళకు ఆ పందిళ్ళ కిందే బతుకుదెరువు. మా అమ్మా అక్కడే పనిచేసేది. తీగలకు కొట్టడానికి మైలుతుత్తం, సున్నం కలిపి డ్రమ్ముల్లో నీలం మందు తయారు చేయడం ఆమె వంతు. చింతపండు పెట్టి ఎంత రుద్దినా ఆమె గోళ్ళ చుట్టూ ఆ నీలం పోయేది కాదు. మా నాయిన లారీ డ్రైవరు. ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చి, రెండు రోజులుండి మళ్ళీ వెళ్ళిపోయేవాడు. అందుకని ఇల్లూ నా బాగోగులూ పూర్తిగా అమ్మే చూసుకునేది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడికి కొత్తగా ఒక తెలుగు టీచర్ వచ్చారు. ఆవిడది కోస్తా వైపు ఊరు. భర్త ఉద్యోగం కోసం ఇటు వచ్చి, మేడ్చల్ దగ్గర అప్పుడే లేచిన ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. రోజూ బస్సు దిగి, చెప్పులకు అంటిన దుమ్మును బడి మెట్ల మీద దులుపుకుని లోపలికి వచ్చేవారు. ఆవిడ మాట తీరు మాకు మొదట్లో వింతగా ఉండేది, మా మాట ఆవిడకూ అంతే. కానీ చదివి వినిపించడం మొదలుపెడితే మాత్రం గోల చేసే పిల్లలు కూడా బల్లల మీద గడ్డాలు ఆనించి వినేవాళ్ళు.

శనివారం చివరి పీరియడు ఆవిడదే. పాఠ్యపుస్తకం పక్కన పెట్టించి ఒక కథ చదివేవారు. అందులో కష్టమైన మాటలుంటే బోర్డు మీద రాసి అర్థం చెప్పేవారు. ఆ తర్వాత కథలో ఒక మనిషిని పట్టుకుని, ఈమె ఎలాంటిది, ఒక్క మాటలో చెప్పండి అనేవారు. మేము చెప్పగానే ఆవిడ అడిగేది ఒకటే ప్రశ్న. "ఏ పని చూసి అన్నావు?" కథలో ఆ పని చూపించలేకపోతే మా మాట బోర్డు ఎక్కేది కాదు.

ఒకసారి ఒక ముసలమ్మ కథ చదివారు. వానలో తడిసి వచ్చిన బాటసారి తలుపు తడితే ఆమె తీయదు. మేమంతా కఠినురాలు, రాతి గుండెది అని పోటీలు పడి అరిచాం. పని కూడా చూపించాం కదా అని గర్వపడ్డాం. ఆవిడ ఆఖరి పేజీ తిప్పారు. లోపల ముసలమ్మ మనవడికి అంటుకునే జ్వరం. ఆ జ్వరం బాటసారికి సోకకూడదని ఆమె తలుపు తీయలేదు. క్లాసంతా చప్పబడిపోయింది. ఆవిడ నవ్వి, మనిషికి పేరు పెట్టడానికి తొందరేమీ లేదర్రా అన్నారు. అంత బాగా చెప్పిన మనిషి కూడా ఒక రోజు తొందరపడ్డారు.

నేను బాగా చదువుతానని ఆవిడకు నా మీద అభిమానం. ఎనిమిదో తరగతికి హాస్టల్ ఉన్న ప్రభుత్వ బడిలో సీటు కోసం పరీక్ష ఉంటుందనీ, నాతో రాయించాలనీ పట్టుబట్టారు. దరఖాస్తు మీద ఇంట్లో పెద్దవాళ్ళు వేలిముద్రో సంతకమో పెట్టాలి, ఆడపిల్లను దూరం పంపడానికి ఒప్పుకోవాలి. మీ అమ్మను ఒకసారి రమ్మను అని నాతో చాలాసార్లు చెప్పారు. నేనూ చెప్పాను. అమ్మ అలాగే బిడ్డా అనేది, వచ్చేది కాదు. గడువు దగ్గర పడుతున్న కొద్దీ ఆవిడకు అసహనం పెరిగింది. నాకు తలవంపులుగా ఉండేది.

ఆ శనివారం కథలో 'నిర్లక్ష్యం' అనే మాట వచ్చింది. ఆవిడ బోర్డు మీద రాశారు. అర్థం చెప్పినా మా ముందు బల్ల అమ్మాయికి ఎక్కలేదు. "అంటే ఎట్లుంటది మేడం?" అని అడిగింది. ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూశారు.

"బిడ్డ చదువు కోసం ఒక్కసారి రమ్మని ఎన్ని కబుర్లు పంపినా రాని తల్లి ఉందనుకో. అదీ నిర్లక్ష్యమంటే."

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, క్లాసంతా వెనక్కి తిరిగి నన్నే చూసింది. ఆ పీరియడు ఎలా గడిచిందో నాకు గుర్తు లేదు. చెవులు మండిపోవడం మాత్రం గుర్తుంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు చేస్తోంది. సంచి మూలకు విసిరి, నిలబడే అన్నాను.

"మా మేడం అందరి ముంగట చెప్పింది. నీది నిర్లక్ష్యమంట."

అమ్మకు ఆ మాట తెలియదు. పిండి చేతులతోనే నా వైపు తిరిగింది. "అంటే ఏంది బిడ్డా?"

టీచర్ చెప్పిన అర్థం నాకు వచ్చు. పట్టించుకోకపోవడం. అంతవరకు చెబితే సరిపోయేది. కానీ నాకు పడిన దెబ్బ ఆమెకూ తగలాలనిపించింది.

"పట్టించుకోకపోవుడు. కన్న బిడ్డను వద్దనుకొని ఇడిసిపెట్టుడు."

ఆ రెండోది టీచర్ అనలేదు. నేను కలిపాను. అమ్మ ఎదురు చెబుతుందనీ, కూలి పోతుందనో, మేస్త్రి వదలడనో అంటుందనీ, అప్పుడు ఇంకా గట్టిగా అరవాలనీ సిద్ధంగా ఉన్నాను. ఆమె రొట్టె తిరగేసింది. ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పమంది. చెప్పాను. "నిర్లచ్చెం" అని మెల్లగా అని చూసుకుంది. నోరు తిరగని మంత్రాన్ని పట్టుకోవాలని చూసినట్టు రెండోసారి కూడా అంది. నా కంచంలో రొట్టె వేసి, తను మాత్రం తినకుండా లేచి వెళ్ళింది.

సోమవారం ఆమె తోటకు పోలేదు. తలంటుకుని, పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని నాతో పాటు బడికి నడిచింది. దారి పొడుగునా చీర కొంగుతో గోళ్ళు రుద్దుకుంటూనే ఉంది. టీచర్ వరండాలో ఉన్నారు. "మా అమ్మ" అని చెప్పాను. ఆవిడ అమ్మ ముఖం చూసి, తర్వాత చేతులు చూసి అలా నిలబడిపోయారు.

"మీరు... మొన్నొక రోజు మధ్యాహ్నం గేటు దగ్గరికి నీళ్ళకోసం వచ్చారు కదమ్మా?"

"నీళ్ళకు రాలే మేడం, మీ తానకే వచ్చిన" అంది అమ్మ. ఫిర్యాదులా కాదు, అడిగారు కాబట్టి చెప్పినట్టు. "బోరింగు అటుంది, తాగి పొమ్మంటిరి. తాగి పోయిన."

తోట పనివాళ్ళు మధ్యాహ్నాలు మా బడి బోరింగుకు నీళ్ళ కోసం రావడం మామూలే. బట్టల మీద నీలం మరకలతో గేటు దగ్గర నిలబడ్డ మనిషిని చూసి, ఆవిడ కూడా అదే అనుకున్నారు. ఎవరమ్మా మీరు అని అడగలేదు. మా అమ్మ చెప్పలేదు.

టీచర్ లోపలికి వెళ్ళి తన కుర్చీ తెచ్చి వేశారు. అమ్మ కూర్చోలేదు. కుర్చీకి అటు ఒకరు ఇటు ఒకరు నిలబడ్డారు.

"నాదే తప్పమ్మా. నన్ను క్షమించండి" అన్నారు టీచర్.

అమ్మ కంగారు పడిపోయింది. "అయ్యో, గట్లనకుండ్రి మేడం. మీరన్నదే నిజం. నాదే నిర్లచ్చెం."

ఆ మాట మా అమ్మ నోటి నుంచి విన్నప్పుడు టీచర్ ముఖం ఎలా అయిందో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. అమ్మ దరఖాస్తు మీద వేలిముద్ర వేసి, సగం కూలైనా దొరుకుతుందేమోనని ఆ మంచి చీరతోనే తోటకు వెళ్ళింది.

తర్వాతి శనివారం టీచర్ పుస్తకం తెరవలేదు. ఇవాళ కథ నా దగ్గరే ఉందని చెప్పి, ఒక టీచర్ గురించి చెప్పారు. ఆ టీచర్ గేటు దగ్గర నిలబడ్డ ఒక తల్లిని ఎవరని అడగకుండా నీళ్ళు తాగి పొమ్మన్నదనీ, పైగా ఆ తల్లి అసలు రాలేదని పదిమంది పిల్లల ముందు తప్పుగా మాట్లాడిందనీ దాచకుండా చెప్పారు. ఆ టీచర్ ఎవరో అందరికీ తెలిసిపోయింది. చాక్‌పీసు పట్టుకుని మా వైపు తిరిగారు.

"ఆ టీచర్ ఎలాంటిది? చెప్పండి."

మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. వెనక నుంచి ఒక పిల్లవాడు "పొగరు మేడం" అన్నాడు. మేమంతా బిగుసుకుపోయాం.

"ఏ పని చూసి అన్నావు?"

"మనిషిని జూసి పేరడగలే. బట్టలు జూసి నీళ్ళు తాగి పొమ్మన్నది."

ఆవిడ తల ఊపి బోర్డు మీద పొగరు అని రాశారు. ఇంకొకరు తొందరపాటు అన్నారు, అదీ రాశారు. తర్వాత నన్ను లేపి, నీ మాట కూడా చెప్పమ్మా అన్నారు. ఏదడిగినా ముందు చేయెత్తే దాన్ని, ఆ రోజు బల్ల వైపే చూస్తూ నిలబడ్డాను. టీచర్ చెప్పిన కథలో ఒక మనిషి తక్కువైంది. మాటను ఇంటికి మోసుకెళ్ళి, దానికి ఇంకో అర్థం కలిపి తల్లి ముందు పడేసిన పిల్ల. ఆ పిల్ల సంగతి టీచర్‌కు పూర్తిగా తెలియదు. తెలిస్తే బోర్డు మీద ఏ మాట ఎక్కేదోనని భయపడి, తెలియదు మేడం అని కూర్చున్నాను. నాకు బాధ కలిగిందనుకుని ఆవిడ దగ్గరికొచ్చి తల నిమిరారు. ఆ చేతి కింద నేను ముడుచుకుపోయాను.

పరీక్ష రాశాను, సీటు వచ్చింది, హాస్టల్‌కు వెళ్ళాను. టీచర్ తన మాటను అందరి ముందూ వెనక్కి తీసుకున్నారు. నేను కలిపిన మాట మాత్రం అమ్మ దగ్గరే ఉండిపోయింది. బస్సు తప్పి ఆదివారం హాస్టల్‌కు ఆలస్యంగా వస్తే, గేటు దగ్గర ఆమె మొదటి మాట "నాదే నిర్లచ్చెం బిడ్డా". పాలు పొంగినా, మేక తాడు తెంపుకున్నా, నాకు జ్వరం వచ్చినా అదే మాట. ఆ మాట నీది కాదే అమ్మా, మేడం తప్పని ఒప్పుకుంది కదా అంటే, "ఆమె మంచిది, గందుకే ఒప్పుకున్నది" అని కొట్టిపారేసేది.

నాకు పెళ్ళయి, బిడ్డ పుట్టాక ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి చెప్పాను. బిడ్డను వద్దనుకోవడం అన్నది ఆ మాటకు అర్థం కాదనీ, మేడం అనలేదనీ, నేనే కలిపాననీ. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. చేయి ఆపలేదు.

"ఎవ్వలు కలిపితేంది బిడ్డా. ఆ దినం మేడం నీళ్ళు తాగి పొమ్మంటే నాకు పానం నిమ్మలమైంది. లోపటికి పోయి గంత మంది ముంగట నిలవడుడు తప్పిందనుకున్న. తోటదాంక ఖుషీగనే నడిసిన. నువ్వా మాట జెప్పంగనే నాకు గదే యాదికొచ్చింది. నీ సదువు మర్సి నా సిగ్గు సూసుకున్న గద."

ఇన్నేళ్ళూ తప్పు చేసిన బరువును నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఆమె నాకంటే ముందు నుంచీ మోస్తోంది. నా మాట ఆమె మీద కొత్త బరువేమీ పెట్టలేదని చెప్పి నన్ను తేలిక చేయాలనుకుందో, నిజంగానే అలా అనుకుందో నేను తేల్చుకోలేకపోయాను. ఆమె దగ్గరికి జరిగి నేనూ చిక్కుడుకాయలు తుంచాను. మళ్ళీ ఆ ప్రస్తావన మా మధ్య రాలేదు.

ఆ రోజు నుంచి నాకు ఎంత కోపం వచ్చినా మనిషికి పేరు పెట్టలేను. అన్నం మాడితే మాడిందంటాను, ఆలస్యమైతే ఆలస్యమైందంటాను. జరిగిందానికి ఒక్క మాట కూడా కలపను. మా ఇంట్లో పిల్లలకు ఇదొక నవ్వులాట. అమ్మకు తిట్టడం రాదని వచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటారు.

రాకేం, వచ్చు. పన్నెండేళ్ళప్పుడు మా అమ్మను తిట్టాను.