నాచారంలో రెండో కాపీ

మా మేడం చనిపోయారన్న వార్త నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పెట్టింది మా మేనేజరు. ‘సంస్థకు తీరని లోటు’ అని రాసి, పక్కన దండం బొమ్మలు పెట్టాడు. ఆ మాట టైపు చేయడానికి ఆ మనిషికి వేళ్ళెలా ఆడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అదింకా దిగలేదు.

మాది ఫోన్ కనెక్షన్లు ఇచ్చే చిన్న కంపెనీ. ఎవరు ఏ నంబరుకు చేశారు, ఎంతసేపు మాట్లాడారు అన్న వివరాలన్నీ ఉప్పల్ ఆఫీసు సర్వర్‌లో పడతాయి. వాటిని బట్టే బిల్లు. ఆ బిల్లింగ్ సెక్షన్‌కు పెద్ద మా మేడం. ఆ రికార్డులన్నీ ప్రతి సాయంత్రం నాచారంలో వేరే స్టోరేజ్ సర్వర్‌కు కూడా చేరాలని పట్టుబట్టి పెట్టించింది ఆవిడే. ఓ ఇంజనీరింగ్ షెడ్డు మీది గది అది. మిషన్‌కు ఏసీ, దాన్ని చూసుకునే నాకు ఫ్యాను. ఉప్పల్ వాళ్ళు నాచారంలోది తుడపలేరు, నేను ఉప్పల్‌లోది ముట్టలేను. పాస్‌వర్డ్‌ను ఆవిడ తాళం అనేవారు. “తుడిసేటోని చేతికి రెండు తాళాలు ఇయ్యొద్దు. నేనడిగినా ఇయ్యొద్దు” అనేవారు.

ఈ పట్టింపు మా పెళ్ళినీ వదల్లేదు. ఉప్పల్ సర్వర్ చూసే అతన్నే నేను చేసుకున్నాను. మేడం పట్టుచీర కట్టుకొని వచ్చి, అక్షింతలు వేసి, తృప్తిగా భోంచేసి, సోమవారం పొద్దున్నే మా ఆయనను కేబుల్ పనికి మార్చేశారు.

“ఒక్క ఇంట్ల రెండు తాళాలుంటే ఎట్ల బిడ్డా? నువ్వు మంచిదానివే, ఆయన గూడ మంచోడే. గని రేపు మీ ఇంటికొచ్చి మిమ్ముల బెదిరించేటోడు ఎసొంటోడో నాకేం తెలుసు?”

మా ఆయన చాన్నాళ్ళు మూతి ముడుచుకొని తిరిగాడు. తర్వాత ఆయనే ఈ సంగతి నవ్వుతూ అందరికీ చెప్పేవాడు.

శుక్రవారం శుక్రవారం మేడం నుంచి ఫోన్ వచ్చేది. “కాపీ అయ్యింది అని చెప్పకు. తీసి సూసిన అని చెప్పు.” తీసి చూడాల్సింది ఆవిడ సొంత నంబరే. ఇంకొకరిది తెరిస్తే చేతులు విరగ్గొడతానని ముందే చెప్పి పెట్టారు. ఒకసారి చూసి, “మీ చెల్లెలితో ముప్పావు గంట మాట్లాడారు మేడం” అన్నాను. “గంతసేపు మాట్లాడిన్నా? మా ఆయన తిట్టిండంటే తిట్టడా మరి” అని పకపకా నవ్వారు.

రెండేళ్ళ కిందట కొందరికి చేయని కాల్స్‌కు బిల్లులు వచ్చాయి. ఎక్కువమంది నాచారం మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్ళే. సరిగ్గా అప్పుడే మేనేజరు, చోటు చాలడం లేదంటూ ఉప్పల్‌లో ఆ నెలల రికార్డులు తుడిపించేశాడు. కౌంటర్ దగ్గర అడిగినవాళ్ళ మీదే “రికార్డు లేదు, కట్టాల్సిందే” అని అరిచారు. మేడం నాచారం వచ్చి, నా పక్కన కూర్చొని కాపీ తెరిపించారు. ఆ కాల్స్ అసలు లేవు. ఆ బిల్లులన్నీ రద్దు చేయించేదాకా ఆవిడ ఊరుకోలేదు.

దానికి ఏం బహుమతి ఇచ్చారనుకుంటున్నారు? ఇంటిగుట్టు బయటపెట్టిందన్నారు. సెక్షన్ పీకేసి, గేటు పక్కన విజిటర్ల స్లిప్పులు రాసే కుర్చీలో కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళ ఇంజనీరు వచ్చేపోయే వాళ్ళను “ఎవరిని కలవాలె?” అని అడుగుతుంటే, ఆ మేనేజరు రోజూ ఆ గేటు నుంచే కారులో దర్జాగా పోయేవాడు. గుండెపోటు అన్నారు డాక్టర్లు. ఆ కుర్చీయే చంపిందని నేను రుజువు చేయలేను. అనుకోకుండా ఉండటం మాత్రం నా వల్ల కావడం లేదు.

మేడిపల్లిలో వాళ్ళింట్లో దినాలకు మేనేజరు కూడా వచ్చాడు. బంతిలో నా పక్కనే కూర్చొని, ముద్ద నోట్లో పెట్టుకుంటూ, “నాచారం గది ఖాళీ చేయిస్తున్నాం అమ్మా. దండగ ఖర్చు. ఇకపై అంతా ఉప్పల్‌లోనే. ఆ పాస్‌వర్డ్ రేపు నాకిచ్చెయ్” అన్నాడు. గోడ మీద ఆవిడ ఫొటోకు వేసిన దండ ఇంకా వాడనైనా లేదు.

“ఇయ్యను సార్” అన్నాను.

“ఉద్యోగం చేసుకోవాలని లేదా?”

“ఉన్నది. అందుకే ఇయ్యను.”

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు. ఇది రాసే నాటికి రెండో కాపీ నాచారంలోనే భద్రంగా ఉంది.

మంచినీళ్ళు పోస్తూ వచ్చిన మేడం భర్త అంతా విన్నారు. “సారూ, తిని లేవుండ్రి. ఆ ముచ్చట మా ఇంట్ల వద్దు” అని మాత్రం అన్నారు. మేనేజరు సగంలో లేచి, చేయి కడుక్కొని, గుమ్మం దగ్గర అలవాటుగా “వస్తానండీ” అన్నాడు. చావు జరిగిన ఇంట్లో ఆ మాట అనరు. మేడం భర్త వాకిట్లోకి వెళ్ళి, చెప్పుల గుంపులోంచి అతని బూట్లు తీసి, ముందు భాగం రోడ్డు వైపుకు తిప్పి మెట్టు కింద పెట్టి, వడ్డించడానికి లోపలికి వచ్చేశారు.