ఎంతుందే, శాంతా?

మా ఆయన సూరిబాబు కూర్చుని అన్నం తినడం నేను ఒక్కసారే చూశాను, మా పెళ్ళిలో. అప్పుడు పంతులు కదలొద్దన్నాడు. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు కంచం ఎడమ చేతిలో పట్టుకుని, వంటింటి గడప దగ్గర నిలబడే తిన్నారు. వీధిలో ఏ బండి పోయినా మెడ తిప్పేవారు. "మూడో గేరు జారతన్నాది" అనేవారు. నాకు మాత్రం ఏదో లారీ వెళ్ళినట్టు వినిపించేది, అంతే.

ఆయన పోయి ఏడు నెలలు. ఆయన పికప్ ఇప్పుడు నేనే నడుపుతున్నాను. స్టీరింగ్ కింద ఆయన బిగించిన అగ్గిపెట్టెంత పరికరం ఇంకా అక్కడే ఉంది. బండి స్టార్ట్ చేస్తే గేర్‌బాక్స్ ఆయిలు ఎంత వేడెక్కిందో నా ఫోన్‌లో అంకె పడుతుంది. అంకె కనపడగానే పైకి చదవబోతాను. పక్కన ఎవరూ ఉండరు.

ఆయన పుట్టింది వాళ్ళ తాతలు వలసొచ్చిన ఈ దేశంలోనే, బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేట్‌లో. పామాయిల్ మిల్లులో ఫిట్టర్‌గా చేరి, అక్కడ యంత్రాలు కుదురుగా ఒకచోటే ఉంటాయని విసుగొచ్చి మానేశారు. తెలుక్ ఇంతాన్‌లో గేర్‌బాక్స్ షెడ్డు పెట్టి ఇరవై రెండేళ్ళు నడిపారు. ఆయిలు వాసన చూసి, రెండు వేళ్ళ మధ్య రాసి, గేర్‌బాక్స్ ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పేవారు.

మా అత్తగారు దేవుడమ్మకు తుంటి విరిగిన ఏడాది ఆయనకు కొత్త పని దొరికింది. ఆమె చెల్లెలు, మా చిన్నత్త సింహాచలమ్మ, కొండ మీద కంపుంగ్ రాజాలో, కూరగాయల తోట పక్కన ఉంటుంది. అక్కాచెల్లెళ్ళు కలిసి పదకొండేళ్ళయింది. ఆ ఇంట్లో దొడ్డికి వెళ్ళాలంటే పద్నాలుగు మెట్లు దిగాలి. మా అత్తగారు నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని పది అడుగులు వేస్తే గొప్ప. అందుకని ఈయన ఒక పాత ట్రైలర్ కొని, దాని మీద చిన్న గది కట్టారు. ఆమె మోకాలి ఎత్తుకు మంచం, పట్టుకుని లేవడానికి కడ్డీ ఉన్న టాయిలెట్. ఏడాదిన్నర పట్టింది. రోడ్డెక్కించడానికి సర్కారు తనిఖీలో పాస్ చేయించేసరికి ఇంకో నాలుగు నెలలు.

ప్రయాణం పెట్టుకోక ముందే కబురొచ్చింది. చిన్నత్త గంజి కూడా మింగడం లేదని ఆమె కోడలు విజయరాణి ఫోన్ చేసింది. "అక్కని సూడాల అంతన్నాది. డాక్టరు రోజులే అన్నాడు."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ముందు సీట్లో నేను, చేతిలో ఫోన్. వెనక సీట్లో అత్తగారు. వెనకాల ట్రైలర్.

"వంద దాటితే సెప్పు. నూట ఇరవై వస్తే ఆపేస్తాను" అన్నారు ఆయన.

"ఏటవుతాది?"

"ఆయిలు మాడిపోతాది. లోపల పట్టీలు జారిపోతాయి. ఇంక ఆ కొండ మీద మనల్ని లాగేవోడు ఉండడు."

వారం ముందే ట్రైలర్‌లో రెండు నీళ్ళ డ్రమ్ములు పెట్టి, ఆ ఘాట్ రోడ్డు మీద సగం దాకా లాగి చూశారు. నూట ఆరు దాటలేదు. ఆ రోజు మాత్రం హైవే మీదే నూట నాలుగు చూపించింది. సింపాంగ్ పూలాయ్ దగ్గర రాళ్ళ లారీల వెనక పడేసరికి నూట తొమ్మిది.

"ఎంతుందే, శాంతా?"

"నూట పది."

నిమిషం ఆగి మళ్ళీ, "ఎంతుందే?"

"నూట పదకొండు. పెదాలు మూసుకోనిస్తారా?"

వెనక నుంచి అత్తగారు నవ్వారు. "నా పెళ్ళప్పుడు మీ నాన్నకి నూట మూడు జొరం. ఆయన్నెవరూ ఇలా సూడలేదు."

ఘాట్ మొదలైంది. ఆయన రెండో గేరులో పెట్టి నిదానంగా ఎక్కించారు. ఏసీ ఆపేశారు. నూట పదిహేను. నూట పద్దెనిమిది. రోడ్డు పక్కన జాగా కనపడగానే ఆపి, ట్రైలర్ చక్రాల కింద రాళ్ళు పెట్టారు. ఇంజను మాత్రం ఆపలేదు. ఆపితే ఆయిలు తిరగకుండా ఉన్నచోటే ఉడుకుతుందట. బానెట్ ఎత్తి ముందుకు వంగి చూశారు, కిందికి దూరి చూశారు, లేచి మళ్ళీ వంగారు. ఆయన తిరిగొచ్చేసరికి చొక్కా పొట్ట మీద పచ్చటి బంతిపువ్వు రేకులు అంటుకుని ఉన్నాయి. దులిపాను. అంతకు మించి ఆలోచించలేదు.

"లీకు లేదు. లెవలు సరిగ్గానే ఉన్నాది. మరేటి?" అన్నారు. "మొన్నటికీ ఇయ్యాల్టికీ తేడా ఏటి?"

"నేనే తేడా" అన్నారు అత్తగారు. "నలబై రెండు కిలోలు. దించేయ్, నడిసొస్తాను."

నూట ఎనిమిదికి దిగడానికి అరగంట పట్టింది. మళ్ళీ ఎక్కాం. నాలుగు కిలోమీటర్లు కూడా పోలేదు, నూట పంతొమ్మిది. మళ్ళీ ఆపాం. అప్పుడే విజయరాణి ఫోన్. "ఎక్కడున్నారు? గుమ్మం కాసి సూస్తన్నాది. కళ్ళు మూతలు పడిపోతన్నాయి."

ఆయన ఆ మాటలు విన్నారు. రోడ్డు మీద పది అడుగులు అటు, పది అడుగులు ఇటు. పక్కన పెతాయ్ కాయలు అమ్ముకునే ముసలాయన బల్ల మీద నుంచి ఆయన్నే చూస్తున్నాడు.

"ట్రైలర్ ఇక్కడ వొగ్గేసి ఎల్దామా?" అన్నాను.

"ఆ పద్నాలుగు మెట్లూ నన్నెవడు మోస్తాడే?" అన్నారు అత్తగారు. "సెల్లి కాడికెల్లి సెల్లికే బరువవ్వాలా?"

"ఇంకోసారి ఇలా ఎక్కితే ఎనక్కి తిప్పేయాల. గేర్‌బాక్స్ పోతే అమ్మని ఈ రోడ్డు మీద ఎక్కడ పడుకోబెట్టను?" అన్నారు ఆయన. వెనక్కి అన్న మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. అత్తగారు కిటికీ దించి బయటికి చూస్తూ కూర్చున్నారు.

కాసేపటికి ముక్కు ఎగబీల్చారు. "ఒలే శాంతా, ఎవులికే అమ్మోరు పోసినాది?"

"ఏటత్తా?"

"వేపాకు నీళ్ళు కాసినట్టు వాసనొస్తన్నాది."

అమ్మవారు పోసి తగ్గాక స్నానానికి కాచే నీళ్ళ వాసన, చేదుగా, పచ్చిగా. నాకూ తగిలింది. ఆయన నడుస్తున్నవారు ఆగిపోయారు. బండి ముందుకు వెళ్ళి నిలబడ్డారు.

బయల్దేరే ముందు అమ్మవారి గుడి దగ్గర మా అత్తగారు దగ్గరుండి కట్టించిన దండ అది. మూడు వరసల బంతిపూలు, వాటి వెనక వేపమండల మోపు, ఆ వెనక పసుపు గుడ్డ. బండి ముందు జాలీని పైనుంచి కిందదాకా కప్పేసింది. ఆ జాలీ వెనకే, గేర్‌బాక్స్ ఆయిలు చల్లారడానికి ఈయన సొంత చేతుల్తో బిగించిన కూలర్ ఉంది. రెండుసార్లు ఆ దండకు పొట్ట ఆనించి బానెట్‌లోకి వంగారు. కొత్త బండికీ లారీకీ ప్రయాణానికీ దండ ఉంటుంది. ఉంటుంది కాబట్టి కనపడలేదు.

కానీ అది మొక్కు. చెల్లి మొహం చూశాకే విప్పాలని అత్తగారు గుడిలో అందరి ముందూ అన్నారు. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, అద్దంలోంచి తల్లి వైపు చూశారు. ఆ చేతులు అలా ఊరికే ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా" అన్నారు. "నీ దండ..."

ఆమెకు అర్థమైంది. "నన్ను దించండి" అన్నారు.

కర్ర పట్టుకుని బండి ముందుకు పదకొండు అడుగులు. వెనక ఇద్దరం చేతులు చాపుకుని. ఆయన జేబులోంచి కత్తి తీశారు.

"కొయ్యకు రా. మొక్కు కోస్తావేటి?"

అత్తగారే ముడులు ఒక్కొక్కటే విప్పారు, ఒకటి పళ్ళతో. ఆయన ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారుతూనే ఉన్నారు. కూరగాయల లారీలు హారన్ కొట్టుకుంటూ దిగిపోతున్నాయి. ఆమె మాత్రం అమ్మవారితో మాట్లాడుకుంటున్నారు. "తల్లీ, ఈడి బండికి గాలాడలేదంట. నిన్ను ఒళ్ళో ఎట్టుకుంతాను. ఏటీ అనుకోకు."

ఉడికి నల్లబడిన వేపమండలు ఒళ్ళో పెట్టుకుని ఎక్కారు. బండి కదిలింది.

"ఎంతుందే, శాంతా?"

"నూట పది. నూట ఏడు." మలుపు మీద మలుపు. "నూట ఐదు. అక్కడే ఉన్నాది."

రెండున్నరకి చేరాం. చిన్నత్తను దిండుకు ఆనించి కూర్చోబెట్టి ఉంచారు. మా అత్తగారు వెళ్ళి ఆ మోపు తలగడ పక్కన పెట్టారు. "మొక్కు తీరిపోనాది. కళ్ళు తెరు, ముసిల్దానా."

చిన్నత్త కళ్ళు తెరవకుండానే వాసన పట్టింది. "ఉడకబెట్టి తెచ్చినావేటే?" అంది.

ఆమె ఇంకో తొమ్మిది రోజులు బతికింది. ట్రైలర్ ఆ తొమ్మిది రోజులూ తోట పక్కనే ఉంది.

ఆ మధ్యాహ్నం మాత్రం అక్కాచెల్లెళ్ళు చేతులు పట్టుకుని ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. విజయరాణి టీ పెట్టింది. ఈయన లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. బండి చుట్టూ ఒకసారి, ట్రైలర్ చుట్టూ ఒకసారి. కిటికీ దగ్గరికి వచ్చి తల లోపల పెట్టారు.

"ఎంతుందే, శాంతా?"

"బండి ఆపేసినారు కదా. ఇంకేటుంటాది? కూకోండి."

టీ గ్లాసు అందుకున్నారు. గుమ్మంలో నిలబడే తాగారు, చొక్కా మీద నేను దులపకుండా మిగిలిన బంతిపువ్వు రేకుతో.