గట్టు పక్కవాళ్లు రాని పొలం

రియల్ ఎస్టేట్ డిప్లొమా చదవమని సలహా ఇచ్చిన పెద్దమనిషి మీద మొదట నాకు ఒళ్లు మండింది. నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆయన కూతురు నా క్లాసే. ఊరి బయట ప్లాట్లు వేసి అమ్మే ఆఫీసు ఆయనది. పేరెంట్స్ మీటింగ్ అయిపోయినా కుర్చీలోంచి కదలకుండా, "ఎన్నాళ్లు మేడం ఈ చాక్‌పీసులతో? ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. పరీక్షకి గుంటూరు పోయొస్తే చాలు. ఆ తర్వాత ఏజెంటుగా రిజిస్టర్ చేయించి మా ఆఫీసులోనే కూర్చోబెడతాం" అన్నాడు.

"నాకెందుకండీ ఆ బ్రోకర్ పని?" అని మొహం మీదే అనేశాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదని ఇంట్లో అందరూ తిడతారు. ఆయన మాత్రం నవ్వి, పాఠాల పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని తిరిగి ఇచ్చేద్దామనే ఇంటికి తెచ్చాను.

ఇంట్లో మా నాన్న ఉన్నాడు. మాది గురజాల దాటి లోపలికి పోయే ఊరు. ఎన్నికలైపోయి ఊళ్లో గాలి మారాక, ఓడిన పక్షంలోని కొన్ని కుటుంబాలు ఊరొదిలాయి. మా నాన్న ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. పోలింగ్ రోజున బూత్‌లో ఆ పక్షం ఏజెంటుగా కూర్చున్నాడు, అంతే. దానికే ఇంటి మీద రాళ్లు పడ్డాయి. అమ్మ పోయి చాలాకాలమైంది కనక ఆయనొక్కడే బట్టల సంచీ పట్టుకుని బస్సెక్కి నా దగ్గరికొచ్చాడు.

మా వైపు కక్ష మనిషితో ఆగదు, పొలం దాకా పోతుంది. ఊరొదిలినవాడి పొలం దున్నడానికి ట్రాక్టరు రాదు, కూలీలు రారు, కౌలుకి అడిగేవాడుండడు. ఇదంతా ఎవరూ రాసి గోడకి అంటించరు. అయినా ఊరందరికీ తెలుసు. మిరప పండిన నల్లరేగడి సర్కారు తుమ్మ మొలిచి బీడుపడింది. ఇక్కడ పేటలో వాన పడ్డప్పుడల్లా నాన్న వీధిలోకొచ్చి, "మంచి పదునే అమ్మాయ్, ఇయ్యాల అరక కట్టొచ్చు" అనేవాడు. ఎక్కడ కడతాడు, మా అద్దింటి వాకిట్లోనా? నాకు ఏడుపొచ్చేది, ఆ ఏడుపు కోపంగా మారి ఆయన మీదే విసుక్కునేదాన్ని.

ఒక ఆదివారం ఊరికే ఆ పుస్తకం తిప్పుతుంటే, హక్కు స్పష్టంగా ఉన్న భూమి అంటే ఏమిటో చెప్పే పాఠం కనబడింది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. పాసుపుస్తకం ఉంది. తాకట్టు లేదు. కోర్టు తగాదా లేదు. వాటాలడిగే అన్నదమ్ములు లేరు. ఆ పాఠం ప్రకారం చూస్తే మా పొలానికి వంక పెట్టేవాడే లేడు! నాకు ప్రాణం లేచొచ్చింది. ఊరివాళ్లు కొనకపోతే మానె, ఈ గొడవలేవీ తెలియని పై ఊరివాడికి అమ్ముదాం అనుకున్నాను. ఈ ఒక్క బేరం కుదిరితే డిప్లొమాలో చేరతాను, కుదరకపోతే బడే గతి అని కూడా అనుకున్నాను.

"అమ్మేదేంది? కాళ్లిరగ్గొడతా" అన్నాడు నాన్న. కానీ నేనడిగితే ఆ ప్లాట్ల ఆఫీసాయన కృష్ణా నది అవతలి నుంచి ఒక రైతుని తీసుకొచ్చిన రోజున, అందరికంటే ముందే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కారు దగ్గర నిలబడ్డాడు.

మా దగ్గర పొలం కొనేవాడు కాగితాలు ఒకసారి చూస్తే గట్లు నాలుగుసార్లు చూస్తాడు. గట్టు పక్క రైతులు నలుగురూ వచ్చి నిలబడి, ఇదిగో ఇక్కడిదాకా వీళ్లదే అని చెప్పాలి. అప్పుడే అది పొలం. ముందురోజు నలుగురికీ ఫోన్లు చేశాను. ముగ్గురు ఎత్తలేదు. నాలుగో ఆయన, నాన్న వరసపెట్టి బావా అని పిలిచే మనిషి, "చూద్దాంలే అమ్మా" అన్నాడు. ఆయనా నాన్నా ఎన్నో ఏళ్లు ఒకే ఇంజనుతో నీళ్లు పెట్టుకున్నవాళ్లు. ఆయన తప్పకుండా వస్తాడనుకున్నాను.

మేం వెళ్లేసరికి పొలంలో తుమ్మ నాన్న ఎత్తు పెరిగి ఉంది. నాన్న గట్టు మీద నిలబడి అలా చూస్తూ ఉండిపోయాడు. నేను కాగితాల ఫైలు తెరిచి, కొనవచ్చిన పెద్దాయనకి పాఠం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పుకొచ్చాను. ఆయన ఓపిగ్గా విని, "కాయితాలు మంచిగనే ఉన్నయి బిడ్డా. మరి గట్లమీది మనుషులేరి?" అన్నాడు. పైవాడికి తెలియదనుకున్నాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఏరు దాటినంత మాత్రాన రైతు రైతు కాకపోతాడా?

పక్క పొలంలో ఆ బావ మిరపకాయలు కోయిస్తున్నాడు. "బావా! ఒక్కసారి వచ్చి హద్దు చూపిచ్చి పోవయ్యా!" అని కేకేశాడు నాన్న. ఆయన తలెత్తి చూసి, మళ్లీ వంగాడు. "నువ్వేం మాట్లాడబాకు బావా, వచ్చి ఊరికే నిలబడు, చాలు" అన్నాడు నాన్న. ఆయన లేచి అవతలి సాలులోకి వెళ్లిపోయాడు. మా నాన్న ఒకళ్లని అలా బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు.

"మామా, నీకు సిగ్గనిపించడంలా?" అని అరిచాను.

"పిల్లలు గలోణ్ణమ్మా. నన్నొదిలెయ్" అన్నాడాయన, ఇటు తిరక్కుండానే.

కొనవచ్చిన పెద్దాయన నాన్న భుజం మీద చెయ్యి వేసి, "రేపు నేను కొన్నా నా అరకనూ ఇట్లనే జూస్తరయ్యా. ఏమనుకోకు" అని చెప్పి, నడికుడిలో రైలెక్కుతానని వెళ్లిపోయాడు.

తిరుగుదారిలో పిడుగురాళ్లలో టీ కోసం కారాపారు. నాన్న దిగలేదు. ఆఫీసాయన నన్ను పక్కకి పిలిచాడు. మొహంలో దిగులన్నది లేదు. "ఇట్టాంటి పొలాలు చానా ఉన్నయి మేడం. అయినకాడికి మేమే తీసుకుంటాం. మాకు గట్టు పక్కోళ్లతో పనేంది? మేమేమన్నా సేద్యం చేస్తామా? చుట్టూ కంచె వేసి, రాళ్లు పాతి, ప్లాట్లు కొట్టేస్తాం. ఊరొదిలినోళ్లు మీ నాన్నగారి కోసం మీ ఇంటికి వస్తా ఉంటారంటగా. వాళ్లకి మేం చెప్తే నమ్మరు. చదువుకున్న మనిషి, టీచరు, పైగా వాళ్లలో మనిషి, మీరు చెప్తే నమ్ముతారు" అన్నాడు.

అదన్నమాట సంగతి! నా లెక్కలు చూసి కాదు, మా నాన్న దెబ్బ తిన్నాడు కనక నేను పనికొస్తాను. టీ గ్లాసు సగంలోనే పెట్టేసి వచ్చి కార్లో కూర్చున్నాను.

ఇంటికి రాగానే నాన్నతో, "నేను ఆ చదువు చదవను నాన్నా. మనలాంటి వాళ్లని మూటగట్టి వీళ్లకి అప్పగించే పని నావల్ల కాదు" అన్నాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. ఆయన చొక్కా గుండీలు విప్పుతూ ఆగిపోయాడు.

"మరి నా పొలం ఎవరమ్ముతారే?"

"కాళ్లిరగ్గొడతానన్నావుగా?"

"అప్పటికి నేను దాన్ని చూళ్లా." ఆయన గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. "దాన్నట్టా బీడుగా వదిలేసి నేను చావలేనమ్మాయ్. డబ్బులు ఎంతిస్తే అంతియ్యనీ. ఎవుడో ఒకడు దున్నితే చాలు. నువ్వు చదువుకో. మొట్టమొదట నాదే అమ్ము." రాళ్లు పడ్డ రోజున కూడా ఏడవని మనిషి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

కంచె, ప్లాట్ల మాట నాన్నకి చెప్పకుండానే మర్నాడు వెళ్లి ఫీజు కట్టాను.

ఇప్పుడు సాయంత్రాలు బడి నుంచి వచ్చి చదువుతున్నాను. నాన్న కుర్చీ తెచ్చుకుని నా పక్కనే కూర్చుంటాడు. అర్థం కాకపోయినా వింటాడు.

"కొనేవాళ్లు అందులో ఏం వేస్తారంట?" అని అడిగాడు నిన్న.

"మిరపే నాన్నా" అన్నాను.