జేబులో చెయ్యి

“అద్దం కదపొద్దు బేటీ!” అని పెదనాన్న టీవీ వెనక నుంచి అరిచాడు.

ఫిజీలో, నసీను ఊళ్లోని తన కొట్లో పిల్లలు ఆడుకోడానికి ఆయనే ప్లైవుడ్డుతో గేమ్ పెట్టె కట్టి, అందులో పాత టీవీ బిగించాడు. తీరా చూస్తే తెర మీద ఆటలోని ఆకాశం ఒక మూల ఊదారంగుకి తిరిగింది. కరెంటు ఉండగానే కుడిచేత్తో సరిచేస్తూ, టీవీ ముందు నేను పట్టుకున్న అద్దంలో తెర చూసుకుంటున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం ఎప్పట్లాగే ప్యాంటు జేబులో ఉంది. రెండు చేతులూ లోపల పెడితే షాకు గుండె మీదుగా పోతుందనేవాడు.

అద్దంలో ఆయనకి పెట్టె మీదున్న భజన స్పీకరు కనపడింది.

“అరే, ఊ స్పీకర్ హటావ్, తీసెయ్ దాన్ని! దాని అయస్కాంతమే రంగులు చెడగొడతా ఉంది.”

“దేవుడి పాటలు నేల మీద పెట్టమంటావా?” అంటూ పెద్దమ్మ స్పీకర్ని విసురుగా గుంజింది. పెట్టె ఊగింది. దాన్ని ఆపబోయి ఆయన ఎడమ చెయ్యి జేబులోంచి లేచింది.

“పెదనాన్నా, చెయ్యి!”

చెయ్యి గాల్లోనే ఆగి, మెల్లగా జేబులోకి వెళ్లిపోయింది. పెట్టెను భుజంతో ఆపాడు. టీవీ ఆపి మళ్లీ వేస్తే ఆకాశం నీలంగా వచ్చింది. పెద్దమ్మ మాత్రం ఆకాశాన్ని చూడలేదు, ఆ జేబునే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న టీ కోసం కెటిల్ ప్లగ్గు పెట్టబోతూ, నా గౌనుకి జేబు లేక, ఎడమ చేతిని వీపు వెనక దాచుకున్నాను.