అమ్మా అంటే నమ్మని మా వదిన

మొన్న సోమవారం పొద్దున నెల్లూరులో నా ఎరువుల కొట్టు తెరిచి బస్తాలు సర్దిస్తుంటే ఫోను మోగింది. మద్రాసు నుంచి కావలి వచ్చి ఉన్న మా అన్న కొడుకు. "బాబాయ్, వదిన పోయింది" అన్నాడు. ఫోను పెట్టేసి బస్తా మీద కూలబడితే, గుమాస్తా మంచినీళ్లు తెచ్చిచ్చి ఏమైందని అడిగాడు. వదిన పోయిందట అన్నాను. ఎవరికి వదినండీ, మీకా, ఆ అబ్బాయికా అన్నాడు. ఇద్దరికీ అన్నాను.

పాపం, అతనికి అర్థం కాలేదు. ఆమె నాకు పెద్దన్న భార్య. ఫోను చేసినవాడికి కన్నతల్లి. వాడు మాత్రం పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి తల్లిని వదినా అనే పిలిచాడు. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. మా వదిన కావలిలో మా ఇంటి గడప తొక్కేనాటికి నాకింకా పాలపళ్లు ఊడలేదు. మా అమ్మ మంచం పట్టి ఉండేది. మేము మరుదులం ముగ్గురం. తెల్లారి లేస్తే వదినా నీళ్లు, వదినా అన్నం, వదినా వీడు నన్ను కొట్టాడు. ఆ ఇంట్లో ఆ మనిషికి ఇంకో పేరు ఉందని మాకే తెలియనప్పుడు, పసివాడికి ఎట్లా తెలుస్తుంది? మాటలు రాగానే వాడూ అదే అందుకున్నాడు. మా అన్న కొన్నాళ్లు వాణ్ణి కూర్చోబెట్టి "అమ్మా అనరా" అని నేర్పించబోయాడు. వాడు ఆ అమ్మ ఎవరా అని చుట్టూ వెతికేవాడు.

ఒకసారి చింతచెట్టు ఎక్కి కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అంత నొప్పిలోనూ "వదినో" అని కేక పెట్టాడు. లోకంలో ఎవడైనా దెబ్బ తగిలితే అమ్మా అంటాడు, వీడు వదినో అంటాడేమిటని వీధి వీధంతా నవ్వింది. కన్నబిడ్డ చేత వదినా అనిపించుకోవడం ఏం రాతమ్మా అని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటే ఆమె ఒక్కటే అనేది. "ఎట్టా పిలిస్తే ఏంది, పలికేదాన్ని నేనే గదా."

ఆమె మాటల్లో నాకు బాగా నచ్చినది ఇదే. చాలా వాటికి సరిపోయేది. మా అన్న కోపంగా పిలిచినా, మా అమ్మ మంచంలోంచి విసుగ్గా పిలిచినా అదే పలుకు, అదే నెమ్మది. అంత ఓపిక నాకు చస్తే రాదు. మా ఇంట్లో ఎవరికీ రాలేదు. అందరి వంతు ఓపికా ఆమే పట్టుకుపోయిందని మా రెండో అన్న ఎగతాళి చేసేవాడు.

మా అన్న బియ్యం వ్యాపారం కోసం ఇంట్లో ఫోను పెట్టించాడు. మా వీధికంతటికీ అదొక్కటే. ఆయన పోయాక, కొడుకు మద్రాసులో బియ్యం మండీ చూసుకోవడానికి వెళ్లిపోయాక కూడా ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. దాని మీద కుట్టుపని గుడ్డ ఒకటి కప్పి, పక్కన ముక్కాలిపీట వేసింది వదిన. ఫోను మోగితే ముందు కొంగు భుజం మీదికి సర్దుకునేది. అవతల మాట్లాడేది పెద్దవాళ్లని తెలిస్తే పీట మీదినుంచి లేచి నిలబడేది. వాళ్లకు కనపడదు గదా వదినా అంటే, నాకు కనపడతాది గదా అనేది. ఎవరు చేసినా, ఏ పని మీద చేసినా, ముందు భోంచేసినారా అని అడగందే అసలు సంగతి వినేది కాదు. ట్రంక్ కాల్ నిమిషాలన్నీ వంకాయ కూరకీ, చారుకీ ఖర్చయిపోయేవని మా అన్నకొడుకు గోలపెట్టేవాడు.

ఇక ఆమె గొప్ప పని చెబుతాను. ఇది చెప్పడానికే కూర్చున్నాను.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. మా పక్క సందులో తాలూకాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన ఇంట్లోనూ ఫోను ఉండేది. ఒక మధ్యాహ్నం కొడుకులు, కోడళ్లు ఎవరూ ఇంట్లో లేని సమయంలో ఎవడో ఫోను చేసి, నీ మనవడు మద్రాసులో లారీ కింద పడ్డాడు, ఆపరేషన్ చెయ్యాలి, మనిషిని పొద్దున రైల్లోనే పంపాం, ఇంట్లో బంగారం ఏదుంటే అదిచ్చి పంపు, ఎవరికైనా చెబితే ఆలస్యమైపోతుంది అన్నాడు. పెద్దాయన, ఆయన భార్య గడగడలాడిపోయారు. ఆ తల్లి చేతి గాజులు సబ్బుతో లాగి తీసి, వచ్చినవాడి చేతిలో పెట్టింది. సాయంత్రానికి మనవడు కాలేజీ సెలవని నిక్షేపంగా రైలు దిగి ఇంటికి వచ్చాడు.

గాజులు పోవడం ఒక ఎత్తు. ఆ తర్వాత జరిగింది ఒక ఎత్తు. నాన్నకు మతి తప్పిందని కొడుకులు బీరువా తాళాలు ఆయన దగ్గర తీసేసుకున్నారు. ఫోను ముట్టుకోవద్దన్నారు. ముప్ఫై ఊళ్ల లెక్కలు నోటితో చెప్పిన మనిషి, రోజూ అరుగు మీద కూర్చుని దారినపోయే ప్రతివాణ్ణీ పలకరించిన మనిషి, అరుగు మీదికి రావడమే మానేశారు. వదిన చూడటానికి వెళితే గోడవైపు తిరిగి పడుకున్నారట. ఇంటికి వచ్చి ఆమె ఆ రోజంతా కుతకుతలాడింది. ఆమెకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

"ఆయన బుద్ధి తక్కువై ఇయ్యలా అబ్బయ్యా, బిడ్డ మీద ప్రాణముండి ఇచ్చినాడు. సిగ్గుపడాల్సింది ఎత్తుకపోయినోడు గాని ఆయన గాదు" అంది.

కొన్నాళ్లకు అట్లాంటి ఫోనే ఆమెకూ వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉంది. మద్రాసు నుంచి ట్రంక్ కాల్ అని మొదట ఒక గొంతు చెప్పిందట. తర్వాత మూలుగు. "అమ్మా, నేనే అమ్మా" అని కొడుకు పేరు చెప్పాడు. మండీ పేరు చెప్పాడు. కోడలి పేరు కూడా చెప్పాడు. లారీ గుద్దింది, ఆస్పత్రిలో ఉన్నాను, స్నేహితుణ్ణి పొద్దున రైల్లోనే పంపాను, నగలపెట్టె ఇచ్చి పంపు, బాబాయికి చెప్పొద్దు, కంగారుపడతాడు అన్నాడు. బజారంతా తిరిగి మా ఇంటి సంగతులన్నీ వాడు ఓపిగ్గా సేకరించుకున్నాడు. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? మా వీధివాళ్లకు అది అలవాటైపోయి వింతగా తోచడమే ఎప్పుడో మానేసింది.

అమ్మా అన్న మొదటి మాటకే వదినకు అర్థమైపోయింది. అయినా ఫోను పెట్టెయ్యలేదు. అయ్యో నాయనా అని శోకం పెట్టింది. నీ స్నేహితుణ్ణి తొందరగా రానీ, పెట్టె తీసి ఉంచుతాను అంది. వాడు పెట్టెయ్యగానే నా కొట్టుకు ఫోను చేసింది. అప్పట్లో నా కొట్టు కావలి బజారులోనే.

"చిన్నబ్బయ్యా, పెద్దాయన గాజులు ఎత్తుకపోయినోడు మనింటికి వస్తా ఉండాడు. మూటలు మోసేవాళ్లను నలుగుర్ని పిలుచుకోని రా. ముందు ఆ పెద్దాయన్ని దొడ్డిదారిన తీసకరా. అరిచి గోల చెయ్యబాక. నువ్వొచ్చేదాకా వాణ్ణి నేను కూర్చోబెడతా" అంది.

ఎట్లా కూర్చోబెడుతుందో నాకు తెలియలేదు. పెద్దాయన్ని లేపి, ఒప్పించి, కర్ర చేతికిచ్చి, దొడ్డి వాకిలినుంచి వంటింట్లోకి తీసుకొచ్చేసరికి కొంత ఆలస్యమే అయింది. వాడు వెళ్లిపోయి ఉంటాడనే అనుకున్నాను. తలుపు సందులోంచి చూద్దును గదా, దొరగారు హాల్లో పీట మీద కూర్చుని, విస్తరి ముందేసుకుని అన్నం తింటున్నారు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. వదిన ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

తర్వాత తెలిసింది. మధ్యాహ్నం వేళ గడప తొక్కినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపితే ఆస్పత్రిలో ఉన్న నా బిడ్డకు మంచిది కాదు, రెండు ముద్దలు తింటేగాని పెట్టె చేతికివ్వను అని ఏడ్చిందట. వాడు వద్దనలేకపోయాడు. వద్దంటే స్నేహితుడేమిటి? నెల్లూరు జిల్లాలో మధ్యాహ్నం పూట ఒక ఇల్లాలి చేతి చేపల పులుసు వద్దన్నవాణ్ణి పసిపిల్లలు కూడా అనుమానిస్తారు. ఆ పులుసులో ఆమె కావాలని వేసినవి కాలువ చేపలు. రుచికి వాటిని మించినవి లేవు. వెంట్రుకల్లాంటి ముళ్లు. ఒక్కొక్కటే ఏరుకుంటూ తినాలి, తొందరపడితే గొంతులో గుచ్చుకుంటుంది. వాడు ముళ్లు తీసుకుంటున్నాడు. ఆమె ఇంకో ముక్క వేస్తోంది. నిదానంగా తిను నాయనా, ముల్లు చూసుకో అంటోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పెద్దాయన తలుపు తోసుకుని హాల్లోకి నడిచారు. వాడి ఎదురుగా నిలబడి మొహంలోకి తేరిపార చూశారు. మంచంలో గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఈయనేనా అనిపించింది.

"వీడే" అన్నారు. ఆఫీసులో పిలిచినట్లుగా, గట్టిగా.

వాడు లేచాడు. వీధి వాకిట్లో మా హమాలీలు నిలబడి ఉన్నారు. దొడ్డి వాకిట్లో నేను. ఎంగిలి చెయ్యి పట్టుకుని ఎటు పోవాలో తెలియక హాలు మధ్యలో తిరుగుతుంటే వదిన చెంబుతో నీళ్లు అందించింది.

"చెయ్యి కడుక్కో నాయనా, పోలీసులొచ్చేలోగా ఎండిపోతాది" అంది.

ట్రంక్ కాల్ అన్న గొంతు, మూలిగిన గొంతు, పులుసు జుర్రిన గొంతు మూడూ వాడివేనని స్టేషన్లో ఒప్పుకున్నాడు. రైలుస్టేషన్ దగ్గర ఒక కొట్టులోంచి ఫోను చేసేవాడట. గాజులు పక్క ఊళ్లో కుదువ కొట్టులో దొరికాయి. వాడు ఇంకా రెండు మూడు ఇళ్లలో ఇదే పని చేశాడని, వాళ్లు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదని అప్పుడు బయటపడింది. ఆ సాయంత్రం పెద్దాయన కొడుకే తాళాలు తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన వాటిని మొలకు దోపుకుని అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. బజారునుంచి మా వీధికి దారి అటు కాకపోయినా, ఆ పూట ఊళ్లో సగం మంది ఆ అరుగు ముందునుంచే నడిచారు.

ఆ సంబరంలో నేనొక మాట అడిగాను. ఒకవేళ అది నిజంగా మనవాడే అయ్యుంటే, నువ్విక్కడ చేపలు వడ్డిస్తూ కూర్చుంటే ఏమయ్యేది వదినా అన్నాను.

"నొప్పెడితే మనిషి నేర్చుకున్న మాట అనడబ్బయ్యా, పుట్టినప్పటి మాట అంటాడు. అమ్మా అన్నాడంటే ఆడ ఉండేది నా కొడుకు గాదు" అంది.

మాట ధీమాగానే ఉంది. కళ్లు మాత్రం ఫోను వైపే పోతున్నాయి. నేను మద్రాసుకు ట్రంక్ కాల్ బుక్ చేశాను. దీపాలు పెట్టే వేళకు లైను దొరికింది. ఆమె కొంగు సర్దుకుని ఫోను అందుకుంది. "ఏంది వదినా, ఈ యాళప్పుడు?" అని వాడి గొంతు నాకు కూడా వినిపించింది. ఆమె భోంచేసినావా అని కూడా అడగలేకపోయింది. ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది. నేను వాడికి సంగతంతా చెప్పి లోపలికి వెళ్లేసరికి పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. "బతుకులో మొదటిసారి నా కొడుకు పేరు చెప్పి ఒకడు నన్ను అమ్మా అన్నాడు చిన్నబ్బయ్యా. వాడు చూస్తే దొంగ" అంది. అని, నవ్వింది. ఆ పిలుపు కోసం ఆమె మనసు ఎప్పుడైనా లాగిందా అని ఆ రోజు అడగాల్సింది. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

తర్వాత ఊళ్లో ఫోన్లున్న ముసలమ్మలందరూ వదిన దగ్గరికి సలహాకు వచ్చారు. ఆమె అందరికీ ఒకటే చెప్పింది. ఎవరైనా నీ కొడుకునంటే ఏడవబాకండి, ముందు నన్ను ఏమని పిలుస్తావో చెప్పు అని అడగండి అంది. ఒకావిడ ఆ మాట ఎంత గట్టిగా పట్టుకుందంటే, నిజంగానే కొడుకు ఫోను చేస్తే, చిన్నప్పుడు పిలిచే ముద్దుపేరు చెప్పేదాకా మాట్లాడనంది. ఆ కొడుకు గవర్నమెంటు ఆఫీసరు. కింది ఉద్యోగులందరూ వింటుండగా ఆ ముద్దుపేరు చెప్పి బతికిపోయాడు.

మొన్న సోమవారం సాయంత్రమే వదినను తీసుకుపోయాం. సగం దారిలో ఆనవాయితీ ప్రకారం పాడె దించారు. పోయిన ప్రాణం పిలిస్తే వస్తుందేమోనని చెవిలో పిలిచే చోటు అది. చెవి దగ్గర వంగి అమ్మా అని మూడుసార్లు పిలువు నాయనా అని చుట్టాల్లో ఒక పెద్ద చెప్పాడు. మావాడు వంగాడు. నోరు తెరిచి ఆగిపోయాడు. తలెత్తి నావైపు చూశాడు. మళ్లీ వంగి "వదినా" అన్నాడు. అట్లా కాదు, అమ్మా అని పిలవాలి అని ఆ చుట్టం సరిదిద్దబోయాడు.

అంతదూరమూ కర్ర పోటేసుకుంటూ వచ్చిన తాలూకాఫీసు పెద్దాయన ముందుకు వచ్చారు. మొలలో తాళాలు చప్పుడయ్యాయి.

"వాణ్ణి అట్టే పిలవనీండయ్యా. అమ్మా అంటే ఆమె లెయ్యదు, దొంగోడనుకుంటాది" అన్నారు.

ఆ దుఃఖంలోనే అందరం నవ్వాం. పాడె మోసినవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నేను రెండోవైపు మోకాళ్ల మీద కూర్చున్నాను. కుడి చెవి దగ్గర వాడు, ఎడమ చెవి దగ్గర నేను. వదినా, వదినా, వదినా అని ఇద్దరం కలిసి పిలిచాం, చిన్నప్పుడు అన్నానికి పిలిచినట్లే.