అద్దంలోంచి దిగని చూపు

మక్తల్ రూటులో ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపిన పరశురాం, రిటైరయ్యాక ధ్యానం నేర్చుకోవడానికి వెళ్లాడు. కళ్లు మూసుకుని చూపును కనుబొమ్మల మధ్య నిలపమన్నారు గురువుగారు. పది నిమిషాలకే నుదురు పగిలిపోయేది, కళ్లు మండేవి. చుక్కల మందు వేసుకున్నా తగ్గలేదు. నెల తిరక్కుండానే, ఇది నా వల్ల కాదని విసుక్కున్నాడు.

ఒకరోజు, ఆయన బస్సులో ఏళ్ల తరబడి కండక్టరుగా చేసిన స్వర్ణ చూడటానికి వచ్చింది. ధ్యానం పక్కనపెట్టి, కుర్చీలో ఊరికే కళ్లు మూసుకుని కూర్చున్న మనిషిని కాసేపు గమనించి, ఫక్కున నవ్వింది.

"అన్నా, రెప్పల కింద నీ కనుగుడ్లు మీదికే ఉన్నయి. సీటు మీది అద్దంల సూసినట్టే సూస్తున్నవ్. బస్సు డిపోకొచ్చింది. అందరు దిగిన్రు."

పరశురాం కళ్లు తెరిచాడు. వెనక తలుపు దగ్గర ఎవరి కాలు జారుతుందోనని ఆ అద్దం వైపు ఎత్తిపట్టిన కళ్లు, ఇంటికొచ్చినా దిగలేదు.

ఆయన మళ్లీ కళ్లు మూసుకుని, అరచేతులు వాటిమీద మెత్తగా ఆనించాడు. ఒక్క ప్రాణాన్ని కూడా రోడ్డు మీద పడనివ్వని కళ్లవి.

"శాన కష్టపడ్డరు," అన్నాడు వాటితో. "ఇగ మీరు గూడ దిగుండ్రి."