కొలిచి పెట్టిన మనిషి

హిందీ రాష్ట్రంలో ఉన్న గుఢియారీలో రైలుపట్టాల పక్క సందులో ఉండే తెలుగువాళ్లలో ఏడాది సరుకు ముందే ఇంట్లో వేసుకునేది ఉమారాణి ఒక్కతే. భర్త ఈశ్వర్ రైల్వే పార్సిల్ ఆఫీసులో కాంట్రాక్టు గుమాస్తా. అతని జీతం నెలాఖరుదాకా రావడమే గొప్ప. అందుకే ఏ సరుకు ఏ నెలలో చవకో చూసి అప్పుడే కొనేది. ఎండలు మొదలై బస్తర్ చింతపండు దిగినప్పుడు గింజతో ఉన్నది తెచ్చుకుని, గింజలు తానే తీసేది. కొత్త కందులు రాగానే బస్తా కొని మిల్లులో ఆడించేది. డాబా మీద మిరపకాయలు ఎండబెడితే సిల్తారా ఫ్యాక్టరీల వైపు నుంచి నల్లపొడి వచ్చి రాలేది. పాత చీర కప్పి, మాటిమాటికీ మేడెక్కి దులిపి వచ్చేది. వంటింటి పక్క గదిలో రేకు డబ్బాలు నిండితే తప్ప ఆమెకు స్థిమితం ఉండేది కాదు.

2015 వానాకాలంలో సిల్తారాలో ఈశ్వర్ అన్న బంగారయ్య పనిచేసే ఉక్కు ఫ్యాక్టరీ మూతపడింది. ధర్సీవాలో అద్దె కట్టలేక ఆయన, భార్య పైడమ్మ, ఎదిగే వయసు కొడుకులిద్దరూ పెట్టెలతో సహా వచ్చేశారు. "మనం కాకపోతే ఎవరు చూస్తారే?" అన్నాడు ఈశ్వర్. ఉమారాణి కాదనలేదు. వచ్చిన రోజున ఉన్నంతలో పప్పూ పాయసమూ చేసి పెట్టింది.

ఆ ఏడే కందిపప్పు ధర కిలో రెండొందలకు ఎగబాకింది. బయట ఎవరింట్లో చూసినా పప్పు పలచబడింది గాని ఈ ఇంట్లో రోజూ పప్పన్నమే. ముగ్గురికని దాచిన సరుకు ఏడుగురికి సరిపెట్టాలంటే ఉమారాణికి ఒకటే దారి కనిపించింది. సోలతో బియ్యం కొలిచి, పైన అరచేత్తో సమంగా తలకొట్టి ఎసట్లో పోసేది. ముందు పిల్లలకు, తర్వాత బావగారికి, భర్తకు, పైడమ్మకు వడ్డించేది. ఆఖర్న గిన్నెలో ఏమైనా మిగిలితే తినేది, లేకపోతే గంజిలో ఉప్పు వేసుకుని తాగేది. కూతురు భావన ఒకసారి అది చూసింది. "నాకు పొద్దున్నుంచీ పొట్ట బాగోలేదే" అని చెప్పింది ఉమారాణి.

హోలీ వెళ్లాక బంగారయ్యకు వేరే ఫ్యాక్టరీలో పని దొరికింది. వాళ్లు మళ్లీ ధర్సీవా వెళ్లిపోయారు. పక్కగదిలో డబ్బాలు అడుగంటాయి. ఉమారాణి జాకెట్లు వదులయ్యాయి.

తర్వాత కొన్నాళ్లకు పెద్దకొడుక్కి ఉద్యోగం వచ్చిందని పైడమ్మ సత్యనారాయణ వ్రతం చేసింది. చుట్టుపక్కల తెలుగువాళ్లందరూ భోజనాలకు కూర్చున్నారు. ఉమారాణి విస్తరి దగ్గరకొచ్చి పైడమ్మ అన్నం కుప్పగా పోసింది.

"చాలక్కా" అంది ఉమారాణి.

"తినవే. ఇక్కడ సోలతో కొలిచి పెట్టేవాళ్లు లేరు. మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా పిల్లలు మరికొంచెం అడగడానికి కూడా జడిసేవోరు" అంది పైడమ్మ, అందరికీ వినపడేలా.

వరసలో కూర్చున్నవాళ్లు నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది ఈశ్వర్. ఉమారాణి తలొంచుకుని ఆ అన్నమంతా తింది.

ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా అడిగింది. "మీరెందుకు నవ్వారు?"

"వదిన మజాక్‌కి అంది. దానికింత రాద్ధాంతమేటి?"

"వాళ్లున్నన్నాళ్లూ నేనేటి తిన్నానో మీకు తెలుసా?"

ఈశ్వర్ చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. "నిన్నెవరు తినొద్దన్నారు?" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. తినొద్దని ఎవరూ అనలేదు. తిన్నావా అని కూడా ఎవరూ అడగలేదు.

మరుసటి ఎండాకాలం చింతపండు వచ్చింది, కందులు వచ్చాయి. ఉమారాణి బజారుకు వెళ్లలేదు. ఏ రోజుకా రోజు సందు చివర కొట్లో పావుకిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్టు తేవడం మొదలుపెట్టింది. అలా కొంటే ఎక్కువ పడుతుందని ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఆ సందులో లేరు. భావన పళ్లెంలో అన్నం మాత్రం కొలవకుండా పెట్టేది. మూడో వారానికి జీతం అయిపోయేది.

ఒక నెలాఖరున కంచం ముందు కూర్చున్న ఈశ్వర్‌కు పచ్చడి మెతుకులే కనిపించాయి.

"పప్పు లేదేటి?"

"అయిపోయింది."

అతను లేచి పక్కగదిలోకెళ్లి డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి చూశాడు. "సరుకు వెయ్యలేదా ఈ ఏడు? ఎందుకు?"

"నింపితే మళ్లీ కొలవాల్సి వస్తాది" అంది ఉమారాణి.

అతను డబ్బాలకు మూతలు మళ్లీ పెట్టాడు. తిరిగొచ్చి ఆ మెతుకులే తిన్నాడు. భావన ఇద్దరి వంకా చూసి, ఆకలిగానే ఉన్నా చాలని కంచం తీసేసింది. ఉమారాణికి అది తెలిసింది. అయినా ఈసారి గిన్నెలో మిగిలిన అన్నం తన కంచంలోకి వంపుకుని, ఎవరి వంకా చూడకుండా తినడం మొదలుపెట్టింది.